కళ్లు మూసుకుని అడవిని తలుచుకోమన్నారు

మాది ఆళ్లగడ్డ దగ్గర, నల్లమల అంచున ఉన్న చెంచుగూడెం. డిగ్రీ చదవడానికి నంద్యాల హాస్టల్లో చేరాను. తోటి అమ్మాయిలు చెడ్డవాళ్లేం కాదు. కానీ నన్ను చూస్తే చాలు, బాణం వేయడం వచ్చా, పచ్చిమాంసం తింటారా అని అడిగేవాళ్లు. మొదట్లో జవాబు చెప్పాను. తర్వాత మాట్లాడ్డమే మానేశాను. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. చివరికి క్లాసులో హాజరు పిలిచినా పలకలేదు.

వార్డెన్ నన్ను కాలేజీలోని కౌన్సెలింగ్ మేడం దగ్గరికి పంపారు. ఆ గదికి వెళ్తే పిచ్చి అనుకుంటారని, అక్కడ కూర్చున్నవాళ్లంతా పక్క గదిలో ఇచ్చే బస్‌పాస్ కోసం వచ్చామని చెప్పుకునేవాళ్లు. నేనూ అదే చెప్పాను. హాస్టల్లో ఉండేదానికి బస్‌పాస్ ఎందుకని ఎవరూ అడగలేదు.

మేడంది కోస్తా. ఎంత మెత్తగా అడిగినా నేను నోరు విప్పలేదు. ఒకరోజు ఆమె కళ్లు మూసుకోమన్నారు.

"నువ్వు దట్టమైన అడవిలో ఒంటరిగా ఉన్నావమ్మా. చుట్టూ నిశ్శబ్దం. మనసు తేలికవుతోంది."

నేను కళ్లు తెరిచాను. "అడివిలో కండ్లు మూసుకోకూడదు మేడం. ఎలుగ్గొడ్డు వస్తాది."

ఆమె సరేనని, ఎలుగుబంటి లేని అడవి అనుకోమన్నారు.

"అంత సప్పుడు లేకుండా ఉందంటే యాడో పులి ఉన్నట్టే మేడం."

ఆమె పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నంద్యాల వచ్చాక నవ్వడం అదే మొదలు.

మరి నీకు ఎక్కడ హాయిగా ఉంటుందని అడిగారు. ఆళ్లగడ్డ బస్టాండులో అన్నాను. ఆమె వేళాకోళం అనుకున్నారు. అక్కడ ఎవరి బస్సు గొడవ వాళ్లది, నేనెవరని ఎవరూ అడగరు. మూటతో వచ్చిన ముసలామె పక్కనున్నవాళ్లను ఎట్లా తిడుతుందో నన్నూ అట్లాగే జరగమని తిడుతుంది. అదంతా చెప్పాను.

మేడం మళ్లీ కళ్లు మూసుకోమని, ఈసారి తనే కండక్టర్‌లా "నంద్యాల, నంద్యాల" అని పిలిచారు. కండక్టర్ మరీ మర్యాదస్తుడిలా ఉన్నాడు గానీ, నేను కుర్చీలోనే నిద్రపోయాను. లేచేసరికి ఆమె స్పూను చప్పుడు కాకుండా భోజనం చేస్తున్నారు.

తర్వాత హాస్టల్ సంగతులు ఒక్కొక్కటే చెప్పాను. సర్దుకుపొమ్మంటారేమో అనుకున్నాను. "వాళ్లు అలా అడగడం తప్పమ్మా" అన్నారు. అంతవరకు ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

మెల్లగా క్లాసులో పలకడం మొదలుపెట్టాను. ముందు హాజరుకు, తర్వాత ప్రశ్నలకు, ఆ తర్వాత లెక్కల సారు బోర్డు మీద తప్పు రాసినప్పుడల్లా. సారు మాత్రం ఆ కౌన్సెలింగ్ కొంచెం తగ్గించమని మేడంకు కబురు పెట్టారట.