రాయి లేని ఊరు

2023లో దసరా సెలవులు అయిపోయిన వారం. నంద్యాల బస్టాండు రోడ్డులో మా ట్రావెల్స్ ఆఫీసు. మాకు వచ్చే పనంతా మక్కాకు ఉమ్రా ప్రయాణాలు, గల్ఫ్ టికెట్లు, కాశీకి బస్సులు. ఇన్నేళ్ళుగా జనాన్ని విమానాలెక్కిస్తున్నాను గానీ నేను మాత్రం ఎక్కింది లేదు. శంషాబాదు దాకా పోయి, గాజు తలుపుల బయటే చెయ్యి ఊపి వెనక్కి వచ్చేస్తాను. ఇంగ్లండు పల్లెలంటే నాకు పిచ్చి. ఖాళీ దొరికితే కంప్యూటర్లో ఆ ఫొటోలే చూస్తుంటాను. ఏ రైలెక్కాలో, ఏ ఊళ్ళో దిగాలో అన్నీ నోటికొచ్చు.

ఆ రోజు ఆఫీసుకు ఈశ్వరమ్మ వచ్చింది. డిగ్రీలో నా పక్కన కూర్చునేది. రెండో సంవత్సరంలోనే ఆళ్ళగడ్డ శిల్పి వీరాచారితో పెళ్ళయి చదువు మానేసింది. లండన్ దగ్గర ఒక గుడికి వీరాచారి అమ్మవారి విగ్రహం చెక్కాడట. విగ్రహం ఓడలో ముందే పోయింది. నవంబరు ఆఖర్లో ప్రతిష్ఠకు కమిటీవాళ్ళు మొగుడూ పెళ్ళాలిద్దరినీ పిలిచారు. శుక్రవారంతో పూజలయిపోతాయి, సోమవారం తిరుగు విమానం. మధ్యలో ఉన్న శని, ఆదివారాలు ఏదైనా పల్లెలో గడిపేట్టు చూడమని అడగడానికి వచ్చింది.

నాకు కడుపు మండింది. దాచేదేముంది. క్లాసులో మ్యాపులో ఇంగ్లండు ఎక్కడుందో నన్నడిగి గుర్తు పెట్టుకున్న మనిషి ఇప్పుడు అక్కడికి పోతోంది, నేనేమో ఆమెకు దారి రాసివ్వాలి. అయినా వృత్తి వృత్తే. ఇటినరరీ అంటే ఏ పూట ఎక్కడ ఉండాలో వివరంగా రాసిచ్చే ప్రణాళిక. నా కోసం నేను మనసులో ఎప్పుడో వేసిపెట్టుకున్న ఇటినరరీనే పళ్ళు కొరుక్కుంటూ ఆమె ముందు పెట్టాను. తేనెరంగు రాతి ఇళ్ళు, చిన్న వాగు, దాని మీద రాతి వంతెన, ఎర్రబడి రాలుతున్న ఆకులు. స్క్రీను ఆమె వైపు తిప్పి చూపించాను.

ఆమె మొహం ముడుచుకుంది. "అంతా రాయే కదే నూరీ," అంది.

ఒళ్ళు మండిపోయింది. ప్రపంచంలో సగంమంది ఆ ఊరు చూడాలని కలలు కంటారనీ, నీకు దొరుకుతున్నందుకు సంతోషపడమనీ కాస్త గట్టిగానే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని అసలు సంగతి చెప్పింది.

శిల్పులు విగ్రహానికి కళ్ళు చివరన తెరుస్తారు. అది ప్రతిష్ఠ చేసే చోటే, ముహూర్తానికి. వీరాచారి వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ప్రకారం, ఉలి పట్టినప్పటి నుంచి కన్ను తెరిచేదాకా దీక్షే. ఒంటిపూట భోజనం, పడక పనికొట్టంలోనే, భార్యతో అవసరానికి మించి మాట ఉండదు. ఒక విగ్రహం గుడికి పోకముందే ఇంకో రాయి వాకిట్లో దిగుతుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన మర్నాడే కొత్త విగ్రహానికి మళ్ళీ దీక్ష మొదలు.

"వీరాచారికి పెండ్లాము ఒకతేనని అందరూ అనుకుంటాండారు. నా సవుతులంతా గుళ్ళలో ఉండారు మే," అంది. "దండం పెట్టాల్సిన దేవతల మీద కుళ్ళుకుంటాండా. పాపమో ఏమో. ఆ రెండు దినాలన్నా మా ఆయప్ప నా పక్క సూడాల. రాయి కనపడిందంటే సూడడు."

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మహానందికి పోయారట. అతను పొద్దున ఒక స్తంభం ముందు నిలబడ్డవాడు సాయంత్రం దాకా కదల్లేదు. తెచ్చుకున్న చిత్రాన్నం ఆమె ఒక్కతే తిని, ఒక్కతే కోనేట్లో కాళ్ళు కడుక్కుని వచ్చింది. చెప్తూ నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు.

నా కుళ్ళు తగ్గిందనుకుంటున్నారా? ఇంకొంచెం పెరిగింది. ఈ వయసులో మొగుడు తన వైపు చూడాలని కోరుకోవడం, దాన్ని సిగ్గుపడకుండా ఒకరి ముందు చెప్పడం, నాకు చేతకాని పనులు.

లండన్లో మాకు ఒక గ్రౌండ్ హ్యాండ్లర్ ఉన్నాడు. అంటే మనం ఇక్కడ బుక్ చేసినవి అక్కడ దగ్గరుండి చూసుకునేవాడు, గుజరాతీ ఆయన. రాయి లేని పల్లె కావాలంటే ఫోన్లోనే పగలబడి నవ్వాడు. వచ్చేవాళ్ళందరూ రాతి ఇళ్ళే అడుగుతారు, వద్దనేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానన్నాడు. ఉత్తరం వైపు కొండపల్లెలు చూశాం. అక్కడ చేలకు కూడా రాతి గోడలే. చివరికి తూర్పు తీరం వైపు దొరికింది. అక్కడి నేలలో కట్టడానికి పనికొచ్చే రాయి పడదట. కట్టె, మట్టి గోడలు, పైన బోదగడ్డి కప్పిన ఇళ్ళు, చుట్టూ తుంగ, నీటి కాలువలు. ఫొటోలు చూస్తే చాగలమర్రి దారిలో మళ్ళు గుర్తొచ్చాయి. నేను కలగన్న రాతి ఊరంత అందంగా లేదు. అది చూసి లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఆఫ్ సీజను కాబట్టి ఇల్లు సులభంగానే దొరికింది. సెల్ఫ్ కేటరింగ్, అంటే మన వంట మనమే చేసుకోవచ్చు. ప్రతి గదికీ, పెరటికీ ఫొటోలు పంపమన్నాను. పెరట్లో పిట్టలు నీళ్ళు తాగే రాతి తొట్టి ఒకటి ఉంది, దాని అంచున చెక్కిన తీగ. అది తీసి షెడ్డులో పెట్టించమని పట్టుబట్టాను. ఇంటి యజమానురాలు మీ కస్టమరుకు రాయంటే ఏమన్నా జబ్బా అని అడిగిందట. అవునని చెప్పమన్నాను. ఆ నెలలో అక్కడ నాలుగు కొట్టకముందే చీకటి పడుతుంది. అందుకని నడక పొద్దుటి పూటకు పెట్టి, మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉండేట్టు రాశాను.

వాళ్ళు పోయిన ఆ శని, ఆదివారాలు నాకు పని మీద ధ్యాస లేదు. ఇప్పుడు లేచి ఉంటుంది, ఇప్పుడు కాలువ గట్టున నడుస్తూ ఉంటుంది అని ఒకటే లెక్కలు. వాన పడితే బాగుండునని కూడా అనుకున్నాను. నిజంగానే పడిందట.

తిరిగొచ్చాక ఈశ్వరమ్మ బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఆఫీసుకొచ్చింది. శనివారమంతా వాన, నడక కుదరలేదు. వీరాచారి ఇల్లంతా తిరిగాడు. గోడలు తట్టి చూశాడు, కట్టె. పెరట్లోకి పోయాడు, గడ్డి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వెంట తీసుకెళ్ళిన బొరుగులతో ఉగ్గాని చేసి ముందు పెట్టింది. చీకటి పడింది. పొయ్యి వెలుగులో ఎదురుగా కూర్చుని అతను తినడం ఆపేశాడు.

"అట్లే సూసుకుంటా ఉండిపోయినాడు మే. ఏందప్పా అంటి. నీ ఎడం కన్ను కుడికన్ను కంటే రవ్వంత చిన్నది, ఇన్నేండ్లూ సూడలేదే అన్నాడు. దేవతలకైతే సమానంగా దిద్దుతావు కదా, నాకూ దిద్దు అంటి. వద్దులే, ఇట్లే బాగుంది అన్నాడు."

అంతే. ఇంకేం జరగలేదట. మర్నాడు కాలువ గట్టున నడిచారు, సోమవారం విమానమెక్కారు. ఇల్లు చేరిన మర్నాడే అతను ఆళ్ళగడ్డలో కొత్త రాయి ముందు కూర్చున్నాడు. ఆమె మాత్రం పైట చెంగుతో ఆ ఎడమ కన్నే తుడుచుకుంటూ నా ముందు కూర్చుంది. నేనూ తేరిపార చూశాను. నిజమే, రవ్వంత చిన్నది. డిగ్రీలో దాదాపు రెండేళ్ళు పక్కనే కూర్చుని నేనూ గమనించలేదు.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. ఎవరైనా నాలుగు రోజులు ఎక్కడికైనా పంపించమంటే ఏం చూడాలని ముందు అడగను. ఏం కనపడకూడదో అడుగుతాను. కొందరు ఫోను అంటారు, కొందరు అత్తగారంటారు, ఒకాయన తన దుకాణం షట్టరు అన్నాడు. దాన్నిబట్టి ఊరు వెతుకుతాను. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఆమె వచ్చిపోయిన సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా కళ్ళు రెండూ సమానంగా ఉన్నాయా అని అడిగాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "సమానమే," అన్నాడు.

ఇంగ్లండు మీద ఉన్న కుళ్ళు నాకు ఆ రోజే పోయింది. ఈశ్వరమ్మ మీదది ఇంకా పోలేదు.