దీనమ్మత్త సంతకం

భవానీపూర్‌లో మా ఆఫీసు ఉన్న సందు మొగలో ఒక టీ దుకాణం ఉంది. ఊరంతా గ్యాసుకు మారినా ఆ దుకాణం నడిపే మొండివాడు ఇంకా బొగ్గు పొయ్యే వాడుతున్నాడు. పొద్దున్నే నిన్నటి బూడిదను కిందికి దులిపి నీళ్ళు చల్లుతాడు. తడిసిన ఆ బూడిద వాసన తగిలితే చాలు, నాకు దీనమ్మత్త గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుండదు. వీధులు ఊడ్చేవాళ్ళ ముఖాల్లోకి ఎవరు చూస్తారు గనుక!

గార్డెన్ రీచ్‌లో మునిసిపాలిటీ పనివాళ్ళ క్వార్టర్ల వరసలో మా పక్క గది ఆమెది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఈ బెంగాలీ ఊరికి వచ్చింది. భర్త పోయాక ఆయన ఊడ్చే వీధులనే తనూ ఊడ్చింది. చదువు రాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు వాక్యం చదివించుకునేది. అందరూ దాటేసే అధ్యాయాలే ఆమెకు కావాలి. పూర్వం ఇశ్రాయేలీయులు ఏ బలికి ఏ జంతువును తెచ్చారు, ఎంత పిండి పోశారు, ఎంత నూనె కలిపారు, అన్నీ వినాలి. నాకు ఒకటే ఆవులింతలు. ఒకసారి, యాజకుడు పూజ బట్టలు విప్పి, వేరే బట్టలు కట్టుకుని, బలిపీఠం మీది బూడిదను గుడారాల పాళెం వెలుపలికి మోసుకెళ్ళే చోట ఆమె నన్ను ఆపేసింది.

“మళ్ళీ సదువు. బూడిద ఎవులు మోసారు?”

“యాజకుడే అత్తా.”

“సూసావా! అంత పెద్దోడూ బూడిద ఎత్తినాడు. మంటప్పుడు అందరూ ఉంటారే. అగ్గి ఆరిపోయాక ఎంతమంది ఉంటారేటి?”

ఆ మధ్యాహ్నమంతా ఆమె ముఖంలో ఒక వెలుగు. ముప్పై ఏళ్ళుగా తాను చేస్తున్న పని ఆ పుస్తకంలో కనబడింది మరి.

నేను బి.ఏ. రెండో ఏడులో ఉండగా అమ్మ నడుము పట్టేసి మంచం ఎక్కింది. నాన్న చీకటితోనే డ్యూటీకి వెళ్ళేవాడు. వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి నీళ్ళు పట్టి, వంట చేసి, భవానీపూర్ కాలేజీకి పరుగెత్తడం నా వల్ల కాలేదు. దీనమ్మత్త రిటైర్మెంటుకు అప్పుడు మూడు నెలలుంది. అన్నాళ్ళూ జీతానికి వేలిముద్ర వేసిన మనిషికి, ఆ ఆఖరి కాగితాల మీద మాత్రం సంతకం పెట్టాలని కోరిక. యూనియన్ ఆఫీసులో సాయంత్రాలు బెంగాలీ అక్షరాలు నేర్పేవారు. ఆమె వెళ్ళలేదు. “నా పేరు మా యమ్మ తెలుగులో పెట్టినాది” అనేది.

“నీళ్ళు నేను పడతాను. నువ్వు నాకు పేరు నేర్పు. వారానికి ఎన్ని రోజులొస్తావు?” అని అడిగింది.

“అయిదు రోజులత్తా. ఒట్టు.”

“ఒట్టెందుకే? మాట సాలు.”

మొదటి వారం నేర్పాను. ‘దీ’ వరకూ వచ్చింది. ఆ తర్వాత కాలేజీలో నాకు కొత్త స్నేహితురాళ్ళు దొరికారు. సాల్ట్ లేక్‌లో డబ్బున్న ఇళ్ళ పిల్లలు. వాళ్ళతో కబుర్లలో పడితే సాయంత్రాలు ఇట్టే గడిచిపోయేవి. అక్కడి నుంచి లేచి, గుమ్మానికో చీపురు ఆనించి ఉండే మా వరసకు రావడానికి నాకు నామోషీ. ఆ రోజుల నన్ను తలుచుకుంటే చెంపలు వాయించాలనిపిస్తుంది. అత్త అడిగినప్పుడల్లా “రేపు” అనేదాన్ని. ఆమె సరేననేది. తెల్లారి లేచేసరికి మా గుమ్మంలో రెండు బిందెలూ నిండి ఉండేవి. తను డ్యూటీకి పోయే ముందే పట్టిపెట్టేది.

కాగితాల రోజున తోడు వెళ్ళింది నేనే. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. బస్సులో “పెన్ను తెచ్చావా?” అని అడిగింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. మునిసిపాలిటీ ఆఫీసు కిటికీ దగ్గర ఆ పెన్ను పట్టుకుని ‘దీ’ రాసి ఆగిపోయింది. గుమాస్తా మంచివాడే, కాసేపు చూశాడు. “మాషీ, టిప్‌సోయి దాఓ” అని ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు. వేలిముద్ర వెయ్యమని. ఆమె వేసింది. నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున మా గుమ్మంలో మళ్ళీ రెండు బిందెలు. ఇక ఉండలేకపోయాను. వెళ్ళి ఆమె ముందు కూలబడి ఏడ్చాను.

“నన్ను తిట్టు అత్తా.”

“తిడితే నాకేటొస్తాది? తప్పు సేసినోడి బలి ఉంది కదా, అది సదువు.”

చదివాను. పొరుగువాడికి అన్యాయం చేసినవాడు ముందు అతనిది అతనికి ఇచ్చెయ్యాలి, పైన అయిదో వంతు కలపాలి, ఆ తర్వాతే పొట్టేలు. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

“పొట్టేలు ఒగ్గెయ్యి. అయిదు రోజులన్నావు. అయిదో వంతంటే ఇంకో రోజు. ఇకనించి ఆరు రోజులు రా.”

“ఇప్పుడెందుకత్తా? కాగితం వెళ్ళిపోయింది కదా.”

“కాగితం ఎల్లిపోనాది. నీ మాట ఎక్కడికెల్లింది?”

వారానికి ఆరు రోజులు వెళ్ళాను. స్నేహితురాళ్ళు పిలిచినా ఆగలేదు. క్రిస్మస్ లోపే ఆమెకు పేరు వచ్చేసింది. పాత క్యాలెండరు వెనక, పప్పు పొట్లం కాగితాల మీద, నేల మీద సుద్దతో, ఎక్కడ పడితే అక్కడ రాసేది. అక్షరాలు వంకరే అయినా ఏ ఒక్కటీ తప్పిపోయేది కాదు.

మొదటి పెన్షన్ నాడు అదే కిటికీ దగ్గర, తనే పెన్ను అడిగి పుచ్చుకుని పేరంతా రాసింది. గుమాస్తా సంతోషంగా నవ్వాడు. తర్వాత, పాపం, తలగోక్కుంటూ రిజిస్టరు ఇటు తిప్పి చూపించాడు. మొదట వేలిముద్ర పడింది కాబట్టి ప్రతి నెలా అదే పడాలట. మార్చాలంటే కాగితాలన్నీ మళ్ళీ మొదటి నుంచి కదలాలి, అందాకా పెన్షన్ ఆగుతుంది. ఆమెకు వేరే ఆధారం లేదు. బొటనవేలు చాచింది.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ నెలనెలా తోడు వెళ్ళాను. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఎవరికైనా “వస్తాను” అనే ముందు నాకు భయం వేస్తుంది. అన్నానా, వెళ్ళి తీరతాను. ఆఫీసులో నాకు చాదస్తం అంటారు, అననీ. ఆమెకు ఇచ్చిన మాట అయిదో వంతు కలిపి మరీ తీర్చాను. అయినా, తన పేరు చక్కగా రాయగలిగిన మనిషి, నా మూలంగా, చచ్చిపోయేదాకా వేలిముద్ర వేసింది.