ఆషాఢంలో దున్నపోతు కల

ఒక్క చావైనా లేకుండా వీధి వీధినంతా పొద్దున్నే ఏడిపించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ వేళ నవ్వనివాణ్ణి రాజంపేటలో నేనొక్కణ్ణే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను డోన్‌లో చెనిక్కాయల, అంటే వేరుశనగల, మండీలో గుమాస్తాను. ఆ వేసవిలోనే రాజంపేటలో ఉండే మా మేనమామ కూతురు చెన్నమ్మతో నాకు పెళ్ళయింది. చిన్నప్పుడు జామకాయ కోసం ఆ పిల్లా నేనూ జుట్లు పట్టుకుని కొట్టుకున్నాం. అప్పుడు లేని బెంగ మూడు ముళ్ళు వేశాక ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో నాకు తెలియదు. ఆమె కాపురానికొచ్చి ఇల్లు సర్దుకుంటూ ఉండగానే ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలి, కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మామ వచ్చి పిల్లను రైలెక్కించుకుని పోయాడు.

ఇక నా బతుకు చూడండి. వంటింట్లో ఆమె బోర్లించి పోయిన చెంబును నేను తిప్పలేదు. ఆమె చెయ్యి పెట్టిన చెంబు కదా, అట్లే ఉండనీ అని దోసిట్లో నీళ్ళు పట్టుకుని తాగాను. మండీలో మూటలు లెక్కపెడుతూ మధ్యలో ఆమె నవ్వు గుర్తొచ్చి లెక్క మరిచిపోయేవాణ్ణి. షావుకారు తిట్టేవాడు. ఆ తిట్లు కూడా నాకు సగమే వినిపించేవి.

అట్లాంటి ఒక తెల్లవారుజామున కల వచ్చింది. మామ ఇంటి గడప ముందు నల్లటి దున్నపోతు, మెడలో బంతిపూల దండతో నిలబడి ఉంది. అరవలేదు, పొడవలేదు. నన్నే చూస్తోంది.

స్టేషను ముందు టీ అంగడి లింగప్ప కలల పండితుడు. ఆయన దగ్గర టీ తాగితే కల ఫలం ఉచితం. ఏనుగు వస్తే లక్ష్మి, పాము కరిస్తే సంతానం, కోతి వస్తే కొట్లాట, గాడిదనెక్కితే పరువు నష్టం. అన్నీ ఆయనకు నోటికే వచ్చు.

"దున్నపోతు వస్తే ఏమి లింగప్పా?" అన్నాను.

లింగప్ప గ్లాసు కింద పెట్టేశాడు. "తెల్లారుజామునా?"

"అవును."

"యాడ నిలబడిండె?"

"మా మామ గడప కాడ."

"నీ పెండ్లాం ఆడనే కదా ఉండాది?"

"ఆడనే. ఏమి, చెప్పప్పా!"

"ఏం చెప్పేది? దున్నపోతు ఎవని బండో నీకు తెలీదా? పాడుకల వస్తే ఆవు చెవిలో చెప్పి మరిచిపోవాల. మనిషికి చెప్తే నిజమైతాది."

"ఆ మాట ముందే చెప్పకూడదా?"

"నువ్వు ముందే అడగలేదు కదప్పా!"

అంతే. టీ సగంలో వదిలేశాను. షావుకారుకు చెప్పకుండా, గడ్డం గీసుకోకుండా, సంచీ అయినా తీసుకోకుండా రైలెక్కాను. గుంతకల్లులో బండి మారి, దారి పొడుగునా ఊళ్ళల్లో ఉన్న దేవుళ్ళందరికీ పేరు పేరునా మొక్కుకున్నాను. ఆమె బతికుంటే చాలు, జామకాయలన్నీ ఆమెకే ఇచ్చేస్తానన్నాను. ఏ దేవుడికి ఏం మొక్కానో రాజంపేట వచ్చేసరికి నాకే గుర్తు లేదు.

పొద్దున్నే మా అత్త వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. తలెత్తి నన్ను చూసింది. ఆషాఢంలో, మాసిన గడ్డంతో, వట్టి చేతులతో వచ్చిన అల్లుణ్ణి చూస్తే ఏ అత్తకైనా ఏమనిపిస్తుంది? బిందె అక్కడే పడేసి, "అయ్యో దేవుడా!" అని కేక పెట్టి లోపలికి పరుగెత్తింది.

అయిపోయింది, నా చెన్నమ్మ పోయింది! వీధిలో చతికిలబడి, "నన్నిడిసి పోతివా!" అని గొంతెత్తి ఏడ్చాను. నా ఏడుపు వినగానే లోపల ఇంకో ఏడుపు లేచింది. "వదినా! మమ్మల్ని చూడకనే పోతివా!" అని అత్త. "నా బిడ్డా!" అని మా అవ్వ. అవ్వంటే మామకు, మా అమ్మకు కన్నతల్లి. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్ళొచ్చి ఎవరికోసమో అడక్కుండానే శోకం అందుకున్నారు. చావు లేదు, శవం లేదు, వెదురు బొంగులకు మాత్రం ఒకాయన బయలుదేరాడు.

మామ నోట్లో వేపపుల్లతోనే వచ్చి నన్ను పట్టుకున్నాడు. "ఎప్పుడు పోయిందిరా?"

"నన్నడుగుతావేం మామా? నువ్వే చెప్పాల!"

"నేనేం చెప్పేది? వచ్చినోనివి నువ్వు!"

"ఇంట్లో ఉండేది మీరు!"

"ఒరే, పోయింది మీ అమ్మ కదరా?"

"మా అమ్మా? మా అమ్మ ఊర్లో రాయి మాదిరుండాది!"

మామ నోట్లోంచి వేపపుల్ల జారిపోయింది. అంతలో జనాన్ని తోసుకుంటూ ఒక మనిషి వచ్చింది. మోచేతుల దాకా రాగిపిండి, కళ్ళ నిండా నీళ్ళు. "ఏమైంది బావా? పోయింది ఎవురు?"

"నువ్వే!" అన్నాను.

చెన్నమ్మ తన ఒళ్ళు తాను ఒకసారి తడుముకుంది. ఆ క్షణంలో ఆమె ఎంత అందంగా ఉందో నేను చెప్పలేను. వీధి మధ్యలో ఇందరి ముందు ఆ పిండి చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఆ కాలం అట్లాంటిది.

ఇక దాచి లాభం లేక కల చెప్పేశాను. అవ్వ కళ్ళు తుడుచుకుని, "కల తప్పు పోలేదురా నాయనా! దున్నపోతు వచ్చిండాది, గడప ముందర కూచ్చోనుండాది!" అంది. ఏడ్చినవాళ్ళే పొట్టలు పట్టుకుని నవ్వారు.

నవ్వులైతే అయ్యాయి, శిక్ష తప్పలేదు. గడప తొక్కనేల, చీవాట్లు తిననేల! నన్ను ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అవ్వ తీర్పు చెప్పింది. "ఆషాఢం కట్టు తప్పినావు. ఇంగ శ్రావణ శుక్రవారం నోము అయినంకనే పిల్లను పంపేది." ఎడబాటు తగ్గించుకుందామని పోయి ఇంకా పొడిగించుకుని వచ్చిన తెలివి నాది.

చెన్నమ్మ మజ్జిగ పోయడానికి వీధి దాటి వచ్చింది. వంగి పోస్తూ గుసగుసగా అంది. "నా మీద మనసై వచ్చింటివి. బాగుండాది. దున్నపోతు మాట ఎత్తకుంటే ఏమి?"

"నిజంగానే వచ్చిందే!"

"వచ్చిందంతా చెప్తారా బావా? ఏనుగు వచ్చిందని మా నాయనకు కార్డు రాయి. పిల్ల చేత లక్ష్మి వస్తాదని మురిసిపోయి ఆ పొద్దే బండెక్కిస్తాడు. నాకూ ఈడ పొద్దు పోవడం ల్యా."

ఆ చివరి మాటకు మజ్జిగ ఆకు దాటి నా ఒళ్ళోకి పారింది. నాకు తెలియలేదు.

డోన్ చేరగానే కార్డు కొన్నాను. ఒక్క ఏనుగు చాలదేమోనని అనుమానం వచ్చింది. లింగప్పను అడిగి శుభమైన జంతువులన్నీ తెలుసుకున్నాను. కలలో తెల్లయేనుగు వచ్చిందనీ, దాని వెనక ఆవూ దూడా, గుర్రం, నెమలి, జంటహంసలు వరసగా మా ఇంట్లోకి నడిచొచ్చాయనీ, చివర ఒక పాము నన్ను ప్రేమగా కరిచిందనీ రాశాను. 'మనిషిని పంపిస్తాన్నాము, బండికి వచ్చేది' అని మామ జవాబు వచ్చింది.

గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మల్లెపూలు పట్టుకుని స్టేషనుకు పోయాను. బండి ఆగింది. మూటతో దిగింది మా అవ్వ.

"చెన్నమ్మ యాడవ్వా?"

"నీకు ఒళ్ళెట్లుండాది ముందు చెప్పు!" అని నా నుదురు పట్టుకు చూసింది. "ఒక్క ఏనుగు రాసింటే పిల్లను పంపిద్దుము. అడివంతా రాస్తివే! జ్వరం తలకెక్కిందని నీ అత్త ఒకటే ఏడుపు. చెన్నమ్మ వస్తానంటే మేమే వద్దంటిమి. పిచ్చోని కాడికి పసిపిల్లనెట్ల పంపేది? పద, వేపాకు కషాయం కాస్తా."

మల్లెపూలు అవ్వే పెట్టుకుంది. నేను శ్రావణమంతా కషాయం తాగాను. ప్రతి గుక్కకూ రాజంపేట గుర్తొచ్చింది.

నోము అయ్యాక చెన్నమ్మ వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కలిసే ఉన్నాం, ఇప్పటికీ పక్కగదిలో నా మీద అరుస్తూనే ఉంటుంది. కానీ ఆ రెండు నెలలు నేను ఎదురుచూసినట్లు మళ్ళీ దేనికోసమూ ఎదురుచూడలేదు. ఆ బెంగ మీద ఇప్పుడు నాకు బెంగగా ఉంటుంది. రైలు కూత వింటే ఈ వయసులో కూడా గుండె లేచి నిలబడుతుంది.

ఆ కార్తీకంలో ఇద్దరమూ మహానంది పోయాం. కోనేట్లో మెడలోతు నీళ్ళలో నిలబడి, చేతులెత్తి గట్టిగా ప్రమాణం చేశాను. "స్వామీ, ఇంక నా జన్మలో అబద్ధపు కలలోకి ఒక్క జంతువుకు మించి రానియ్యను!"

పక్కన మునిగి లేచిన చెన్నమ్మ ముఖం తుడుచుకుంటూ అంది.

"ఆ ఒక్కటి కూడా నన్ను అడిగినంకనే రానీ, బావా."