జలపతి పుట్టినరోజు

ఐలమ్మది కోరుట్ల దగ్గరి పల్లె. పిల్లలు లేరు. పెళ్లయిన నాటి నుంచీ ఒళ్లో చాట, చాటలో తునికాకు, రోజంతా బీడీలు చేయడమే పని. మొగుడు జలపతి కల్లుకు తాళ్లెక్కడం మాని దుబాయి పోయాడు. ప్రతి శుక్రవారం పక్కింటి లీల ఫోన్‌కు వీడియో కాల్ చేస్తాడు. ఆ కాసేపు మొగుడి ముఖం చూసుకోవడమే ఆమెకున్న సుఖం.

ఒక శుక్రవారం ఫోన్ రాలేదు. జలపతి గుండె ఆగి చనిపోయాడని అతని గదిలో ఉండేవాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. క్షణాల్లో ఊరంతటికీ తెలిసింది, ఒక్క ఐలమ్మకు తప్ప.

గల్ఫ్ చావును శవం పెట్టె వచ్చేదాకా పెళ్లానికి చెప్పకపోవడం మా వైపు ఆనవాయితీ. తప్పనను. కానీ ఇదివరకు ఆ అబద్ధంతో పాటు మనుషులు కూడా వచ్చేవాళ్లు. ఏదో సాకు చెప్పి ఆడవాళ్లు ఆ ఇంట్లోనే పడుకునేవాళ్లు, బలవంతంగానైనా ఆమెతో ఇంత తినిపించేవాళ్లు. ఇప్పుడేమో సిగ్గులేని మా ఊరు జలపతి ఫోటో చుట్టూ పూలు అతికించి, స్టేటస్‌లో పెట్టుకుని చేతులు దులుపుకుంది. ఐలమ్మ గడప తొక్కినవాళ్లు లేరు.

తెల్లారి ఆమే లీల ఇంటికి వెళ్లింది. చదువు రాదు గానీ ఫోన్‌లో మొగుడి ఫోటో కనబడింది.

"గిదేందే లీలా, మా ఆయినెను గింత మంచిగ పెట్టిండ్రు?"

లీల తడబడింది. "బావ పుట్టినరోజక్కా."

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"డ్యూటీల ఉన్నడట."

"నాకే ఎరుకలేకపాయె సూడు! ఊరంత యాదికుంచుకున్నదా?"

ఆ పిచ్చిదాని సంబరం ఏమని చెప్పను! చాట పక్కన పెట్టి, బెల్లంతో పాశం వండి, గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మా ఆయినె పుట్టినరోజు, నోరు తీపి చేసుకోండ్రి" అంది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ తిన్నారు.

పెట్టె వచ్చిన రోజు వాకిలి పట్టనంత జనం. సగం మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఐలమ్మ పెట్టె మీద పడి గుండెలు బాదుకుంది. ఎప్పుడు పోయాడని అడిగింది. ఫోన్ రాని శుక్రవారమని ఎవరో చెప్పారు. ఆమె ఏడుపు ఆగిపోయింది. లేచి, జనంలో లీలను వెతికి పట్టుకుంది.

"నీ ఫోన్ల పూలు గందుకేనానే?"

లీల ఫోన్‌ను కొంగులో దాచుకుంది.

"గట్లయితే నా పాశం రెండోసారి అడిగి ఎట్ల పెట్టించుకున్నవే?"