ఎర్ర గీత పెట్టిన గుమ్మడికాయ

2007 అక్టోబర్‌లో ఒక శనివారం ఉదయం ఏడున్నరకు వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి నాయనమ్మా నేనూ బయలుదేరాం. మూడు నెలలు ఉండి వెళ్దామని ఊరి నుంచి వచ్చిన మనిషి నయాగరా వద్దంది, వైట్‌హౌస్ వద్దంది. ఎక్కడో చేతికిచ్చిన ఒక మ్యూజియం కరపత్రంలో బ్రిటిష్ బాంబు ఫొటో చూసి, దాని మూతి దగ్గరున్న ఎర్ర గీత మీద వేలు పెట్టి, "నన్ను ఇక్కడికి తీసుకెళ్లు అమ్మడూ" అంది.

కారణం ఆ రోజే చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, పధ్నాలుగేళ్ల వయసులో, ఆవిడ విశాఖ పక్కన ఒక బాంబుల డిపోలో రంగులేసే కూలీ. వానకు వెలిసిపోయిన గీతల మీద మళ్లీ రంగు వేయడమే పని. ఒకరోజు మూలన ఒక బాంబు గీత లేకుండా కనిపించింది. పాపం, బోసి నుదురులా ఉందని దానికీ ఎర్రగా చుట్టేసింది. మేస్త్రీ చూసి గావుకేక పెట్టాడు. నాయనమ్మ బ్రష్ పారేసి ఇంటికి పరుగెత్తింది, మళ్లీ ఆ గేటు తొక్కలేదు. ఆ గీతకు అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు; తన గీత వల్ల అది ఏ కూలీల చేతుల్లోనో పేలి ఉంటుందని అప్పటినుంచీ భయం. తాతయ్యకు కూడా చెప్పుకోలేదట.

వాషింగ్టన్ స్టేషన్‌లో తొమ్మిది పదికి రైలు. ఎక్కే ముందే గట్టిగా చెప్పాను. "ఇక్కడ బాంబు అన్న మాట ఎత్తావంటే దింపేసి పోలీసుల్ని పిలుస్తారు. గుమ్మడికాయ అను." నాయనమ్మ బుద్ధిగా తలూపింది. ఎదుటి సీట్లో వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన అబ్బాయి కూర్చున్నాడు. మా తెలుగు విని పలకరించి, ఎక్కడికని అడిగాడు.

"గుమ్మడికాయలు చూడ్డానికి, నాయనా" అంది నాయనమ్మ.

"గంత దూరమెందుకు అమ్మమ్మా? ఈ నెలల ఏ ఇంటి ముంగట చూసినా అవే ఉంటయ్ గద!" అన్నాడు. అక్టోబర్ చివర్లో ఇక్కడ గుమ్మడికాయల పండగ మరి, నాకు నవ్వాగలేదు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

పది ఇరవైకి మేరీల్యాండ్‌లో ఒక చిన్న ఊళ్లో దిగి, టాక్సీలో పావుగంట వెళ్లాం. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: లోపల తినడానికి ఏమీ దొరకదు. మేం పులిహోర కట్టుకెళ్లి బతికిపోయాం.

హాల్లో అడుగుపెట్టాం. ముదురాకుపచ్చ బాంబులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటైతే నాయనమ్మకంటే ఎత్తు. ఇంత ఇనుము ఆకాశంలోంచి ఇళ్ల మీద పడేదా అని ఒళ్లు జలదరించింది. గైడ్ ఒక రిటైరైన సైనికుడు, చేతికర్రతో చూపిస్తున్నాడు. నడుముకు చుట్టిన లేతాకుపచ్చ పట్టీ ఉంటే పేలుడు బాంబు. దాని మీద అక్షరాలు లోపల ఏ పేలుడు మందో చెబుతాయి. మూతి దగ్గర ఎర్ర గీత ఉంటే మందు నింపారని.

"గీత లేకపోతేనో? అడగవే" అంది నాయనమ్మ.

"ఖాళీ డొల్ల. ఎత్తడం, బిగించడం నేర్పడానికి వాడేవాళ్లు" అన్నాడు గైడ్.

నాయనమ్మ బెంచీ మీద కూలబడింది. అప్పుడు నేనే కథంతా గైడ్‌కు చెప్పాను. ఆయన చేతికర్ర గోడకు ఆనించి నాయనమ్మ వైపు తిరిగాడు.

"మేస్త్రీ చెరిపించే ఉంటాడమ్మా. చెరిపించకపోయినా ఎత్తగానే బరువు తేడాతో దొరికిపోతుంది. అదీ దాటుకుని విమానం ఎక్కిందే అనుకోండి, పడి మట్టిలో దిగబడుతుందంతే. మీ గీత వల్ల ఎవరూ చావలేదు."

తెలుగులో చెప్పాను. నాయనమ్మ లేచి వెళ్లి ఎర్ర గీత మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. ముట్టుకోవద్దని బోర్డుంది, గైడ్ కిటికీ వైపు తిరిగాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడు ఇరవై రైలుకు తిరుగు ప్రయాణం. అమెరికాలో ఎన్నో చూశాను కానీ, చుట్టిన ఒక గీత ముందు ఇంతగా తల వంచింది ఇక్కడే. కిటికీలోంచి ఇళ్ల ముందు గుమ్మడికాయలు కనిపిస్తున్నాయి. నాయనమ్మ వాటినే చూస్తూ, సగం దారిలో నా వైపు తిరిగింది.

"అమ్మడూ, ఆ ఒక్కటే డొల్ల. మరి నేను రోజూ గీతలు పెట్టిన గుమ్మడికాయలన్నీ మందు నింపినవేగా?"

"అవును నాయనమ్మా."

ఆవిడ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, వాషింగ్టన్ వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.