ఆయన జాగా

రాయపూర్ స్టేషను దగ్గర సూర్యారావుకు ఫోటో స్టూడియో ఉండేది. మనిషిని చిత్రంలో ఒక పక్క మూడోవంతులో నిలబెట్టి మిగతాది వదిలేస్తే, ఆ ఖాళీ కూడా ఏదో చెబుతుందని గురువు నేర్పాడు. రైల్వే కాలనీవాళ్లెవరూ అందుకు ఒప్పుకునేవారు కాదు, మధ్యలోనే నిలబడేవారు.

భర్త జ్వరంతో పోయిన నెలకు ఆ కాలనీలోని వరహాలమ్మ వచ్చి, తెర ముందు ఎడమపక్కగా నిలబడింది.

“జరా మధ్యకి రామ్మా,” అన్నాడు సూర్యారావు.

“అది ఆయన జాగా బాబూ. ఇలాగే తీసీ.”

కెమెరా నల్లగుడ్డ కింద తలపెట్టి చూశాడు. ఆమె ముఖంలో దుఃఖం కూడా లేదు. అలాగే తీశాడు.

వారం తర్వాత ఆమె ఫోటో చూసుకుంది. “బాగుంది. ఆయన లేడని తెలుస్తంది,” అని ఎండలోకి వెళ్లిపోయింది.

సూర్యారావు స్టూడియో మూసి, ఆ ఫోటోలోని ఖాళీనే తలుచుకుంటూ చాలాసేపు బల్లమీద కూర్చున్నాడు. ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు.