ఎర్ర పూల చెట్టు కింద అనుకున్నాను

నేను ఐదో తరగతిలోనే బడి మానేశాను. బడి కూడా నన్ను ఆపే ప్రయత్నమేమీ చేయలేదు. అప్పటినుంచి సున్నం, డిస్టెంపర్, ఎనామిల్. సికింద్రాబాదులో నేను నిచ్చెన వేయని గల్లీ లేదు. కూర్చోవడం మాత్రం నాకు రాని విద్య. ప్రార్థనలో కూడా గోడ పగుళ్లు చూస్తుంటానని నా భార్య ఫిర్యాదు. నిజమే. మా చర్చి గోడకు చెమ్మ పట్టింది మరి.

మా నాయన రైల్వేలో చేసి రిటైరై, మెట్టుగూడలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. దానికి రంగు వేయమని ఆయన నన్ను అడగని పండుగ లేదు. చివరిసారి మంచంలో పడుకునే అడిగాడు.

"ఊరందరి ఇండ్లకు ఏస్తవ్. మనింటికెప్పుడు ఏస్తవ్‌రా?"

"జెర ఆగు నాయినా. నిన్ను మళ్ల పెండ్లికొడుకును చేసిననాడు ఏస్తా."

ఆయన నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారం తిరక్కుండానే, మే నెల ఎండలో, ఆయన్ని సమాధుల తోటకు మోసుకెళ్లాం. నెత్తిన నిండా ఎర్ర పూలు పూసిన తురాయి చెట్టు. మేం మన్ను వేస్తుంటే ఆ మన్ను మీద పూలు రాలుతూనే ఉన్నాయి. ఆనాటిది నాకు గుర్తున్నది ఆ చెట్టొక్కటే.

ఆ తర్వాత నాకు నిలకడ పోయింది. నిచ్చెనెక్కితే దిగాలనిపించేది, దిగితే ఎక్కాలనిపించేది. సగం చాయ్ వదిలేసి లేచిపోయేవాణ్ణి. సమాధికి సిమెంటు పని కూడా మేస్త్రీకే అప్పజెప్పాను. పేరు నేనే రాస్తానన్నాను గానీ, అటు పోవడానికి కాళ్లు రాలేదు.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. మావాళ్లు గడ్డి పీకి, సున్నం వేసి, పూలూ కొవ్వొత్తులూ పెట్టే రోజు. వానలకు గడ్డి నడుము దాకా పెరిగింది. చెట్టును గుర్తుపట్టి, దాని కింద పేరులేని సమాధికి రెండు పూతలు వేశాను. తర్వాత కూర్చున్నాను. వింత ఏమిటంటే, కూర్చోగలిగాను. చెట్టు ఆకులు ఈకల్లా ఊగుతున్నాయి. బస్సుల హారన్లు ప్రహరీ అవతలే ఉండిపోయాయి. "తప్పయింది నాయినా" అన్నాను. గుండెల మీంచి ఏదో దిగింది.

మూడేళ్లు అంతే. చల్లగాలి, తడి సున్నం వాసన, ఒక గంట నెమ్మది. పేరు మాత్రం వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ పోయాను. ఆ నెమ్మది ఏడాదంతా వస్తుందనుకునేవాణ్ణి. సంక్రాంతి దాటితే మిగిలేది కాదు.

నాలుగో ఏడు నవంబరు దాకా ఆగలేక మే నెలలోనే పోయాను. చెట్టు నిండా పూలు. పసుపు పూలు.

రంగు మార్చిందని కాసేపు చెట్టునే తిట్టుకున్నాను. నా గిరాకీలు కూడా అంత మోసం చేయరు. తల తిప్పితే, నలభై అడుగుల అవతల ఇంకో చెట్టు ఎర్రగా మండుతోంది. పూలు లేనప్పుడు రెండింటి ఆకూ ఒకటే తీరు.

ఎర్ర చెట్టు కింద సమాధి నాచు పట్టి నల్లబడింది. కాపలా అతను నా వెనకే వచ్చాడు.

"గది ఎవరిదో ఏమోనన్నా. పేరు సుత లేదు. నేనొచ్చిన కాడికెల్లి ఎవ్వరు రాలే. కొడుకులున్నరో లేరో."

"ఒకడున్నడు. పెయింటర్."

"పెయింటరా? మరి సున్నమెందుకు ఏస్తలేడు?"

"పక్కోళ్లకు ఏస్తుండు."

భార్యకు ఫోన్ చేసి చెప్పాను.

"నువ్ చూపెట్టిన కాడనే నేను సుత మూడేండ్లు మొక్కిన గద," అంది. "పోనీ తియ్, ఎవరో ఒకరు దీవించి ఉంటరు. ఇప్పుడన్న నాయిన దగ్గర జెరసేపు కూసో."

కూర్చున్నాను. సిమెంటు కాలింది. లేచాను. మళ్లీ కూర్చుంటే చీమలు. నవంబరులోని ఆ నెమ్మది ఇక్కడ లేదు. తప్పయిందని చెబుదామంటే మాట మిగల్లేదు. ఆ మాటంతా అక్కడ, ఎవరికో చెప్పేశాను. జేబులో పాత సున్నం గీకే రేకు తగిలింది. తీసి, ఒక మూలనుంచి నాచు గీకడం మొదలుపెట్టాను. గీకిన చోటల్లా పూలు రాలుతున్నాయి. ఊడ్చి మళ్లీ గీకాను.

"కూసున్నవా?" అంది, ఇంకా పెట్టేయని ఫోన్లోంచి.

"లేదు. మనింటి పని షురూ చేసిన."